తనంతదానే కీ ఇచ్చుకొను వాచీ

ఆకివీడు ప్రాంతపు పెద్ద లొకరు ఈ నడుమ నన్నొక ప్రశ్న యడిగిరి. "మనుమడు ఉద్యోగములో జేరినాడు. మొదటి జీతములతో నాకు ఆటోమేటిక్ వాచీ కొనిపెట్టెద ననుచున్నాడు. సరే యందునా, వలదందునా?" పదివేలు మొదలు ఇరువదివేల రూపాయల వఱకు వెచ్చించు పని గనుక దీనికి తొందరపడి బదులు చెప్పరాదు.

కీ వాచీ మన తరమువారికి క్రొత్త గాదు. జపానుదేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో బెంగుళూరున ఆరంభమైన హెచ్.ఎమ్.టి. కర్మాగారపు 'జనతా' వాచీకి ప్రతి యుదయమున కీ యిచ్చుకొనినవారు మీలో ననేకులుందురు. పెండ్లికొడుకునకు మామగారు సైకిలుతోబాటు వాచీ నిచ్చుట ఆనాడొక మర్యాద. ఆటోమేటిక్ వాచీలో నుండునదియు అట్టి స్ప్రింగే. అయితే దానిని చుట్టు పని వ్రేళ్లది కాదు, చేతి కదలికది. వాచీ వెనుకతట్టున అర్ధచంద్రాకారము గల బరువైన లోహపు బిళ్ల యొకటి నడిమి యిరుసుపై విడిగా దిరుగుచుండును. చేయి కదలినపుడెల్ల ఆ బిళ్ల తిరిగి, చిన్న పండ్లచక్రముల మూలమున స్ప్రింగును చుట్టును. స్ప్రింగు నిండిన పిమ్మట దాని కొస జారునట్లు అమర్తురు గాన, ఎంత కదలించినను అది తెగదు. ముంజేతి వాచీకి ఇట్టి యేర్పాటు గావించి 1923లో పేటెంటు కోరినవాడు జాన్ హార్వుడ్ అను ఆంగ్లేయుడు.

కాబట్టి కొనుటకు ముందు ధరను గాక మీ చేతిని విచారింపవలయును. అది దినమున కెంతసేపు కదలును? చేపల చెఱువు గట్లపై దిరుగుచు మేత వేయించువాని చేతికి ఈ వాచీ చక్కగా సరిపోవును. అరుగుమీద పడకకుర్చీలో గూర్చుండి పత్రిక చదువుకొను పెద్దమనుష్యుని చేతిపై అది ఆకలితో నుండును. పూర్తిగా చుట్టుకొన్న స్ప్రింగు రమారమి 40 గంటలు నడపును. జ్వరము వచ్చి రెండు దినములు మీరు పడుకొన్నచో వాచీయు పడుకొనును. అందువలన, కదలిక తక్కువైనవారు చేతితో గూడ కీ యిచ్చుటకు వీలున్న రకమునే కొనవలెను. అన్నిటికి ఆ వీలుండదు. సీకో కంపెనీవారి 7ఎస్26 అను యంత్రమునకు లేదు. తరువాత వచ్చిన 4ఆర్36కు కలదు. అంగడిలోనే పిడి త్రిప్పి చూడుడు.

ఇక కాలము సరిగా చూపునా యందురు. సెల్లు వాచీలోని స్ఫటికము సెకండునకు 32,768 మారులు కంపించును. ఆటోమేటిక్ వాచీలోని చక్రము సాధారణముగా సెకండునకు ఆఱు మారులు మాత్రమే కొట్టుకొనును. చవుక రకములలో దినమునకు 20 సెకండ్లు వెనుకబడుటయు, 40 సెకండ్లు ముందునకు బోవుటయు తయారుచేసినవారే యొప్పుకొనిన తేడా. వారమున కొకసారి రేడియో వేళతో సరిచేసికొనుట కోపిక లేనివారు, గుడివాడ బండిని నిమిషము తప్పక యందుకొనవలసినవారు, వేయి రూపాయల సెల్లు వాచీ కొనుట మేలు. అందులో చిన్నతన మేమియు లేదు.

కొల్లేటి ప్రాంతమువారికి నీటి సంగతి ముఖ్యము. వాచీపై 30 మీటర్లని చెక్కియుండుట చూచి దానితో చెఱువులోనికి దిగరాదు. అది చినుకులకును, చేతులు కడుగుకొనుటకును మాత్రమే. నీటిలో దిగు పని గలవారు 100 మీటర్ల గుఱుతు గలదానిని, పిడి మఱలతో బిగియు రకమును గోరవలెను. తోలుపట్టీ మన చెమటకు నాలుగు నెలలలో కంపుగొట్టును. ఉక్కుదో నైలానుదో మేలు. అద్దము లోపల మంచు పట్టినట్లు కనబడినచో ఆనాడే బాగుచేయువానియొద్దకు గొనిపొండు. మఱునాటికి త్రుప్పు మొదలగును.

మఱియొక హెచ్చరిక. హెచ్.ఎమ్.టి. వాచీల సంస్థను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించిన తరువాత పాతవాటిపై మోజు హెచ్చినది. 'కాంచన్' మొదలగు ఆటోమేటిక్ రకముల పేర మూడు పాత వాచీల భాగములను గూర్చి, ముఖమునకు క్రొత్తరంగు పూసి యమ్మువారు బయలుదేరిరి. మా బంధువొకరు అట్టిదానికి మురిసిపోయి కొనగా మూడు నెలలు నడచెను. ఒడలు పాతదై ముఖము మిలమిలలాడినను, అక్షరములు అలికినట్లున్నను దానిని వదలివేయుడు. క్రొత్తదానిని గొన్నను, ముందుగా భీమవరములోనో తాడేపల్లిగూడెములోనో నమ్మకమైన బాగుచేయువాని నడుగుడు: "దీనిని నీవు విప్పగలవా? భాగములు దొరకునా?" సీకో, సిటిజన్ కంపెనీల యంత్రములు పలు ఇతర పేళ్ల వాచీలలో గూడ నుండును గాన వాటికి భాగములు దొరకుట సులభము. అతడు తల యడ్డముగా త్రిప్పినచో ఎంత యందమైనదైనను మనుమనితో వలదనుడు.

కొన్న తరువాత రెండు జాగ్రత్తలు. రాత్రి 9 గంటలకును తెల్లవాఱుజామున 4 గంటలకును నడుమ తేదీని చేతితో మార్చకుడు; ఆ వేళ తేదీచక్రపు పండ్లు పట్టుకొని యుండును, విఱుగును. అయస్కాంతమునకు దూరముగా నుంచుడు. అది సోకిన వాచీ పరుగులెత్తును. మీరిప్పుడు వినుచున్న రేడియోలోని స్పీకరునందును అయస్కాంత మున్నది గనుక, పడుకొనబోవునపుడు వాచీని తీసి దానిపై బెట్టకుడు.