దారికొక తాళము, ఇంటికొక తాళము

సాఫ్ట్‌వేరునుండి సర్వరునకు పోవు సమాచారమునకు రక్షణ రెండు చోట్ల వలయునని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము. మొదటిది దారిలో. టీ.ఎల్.ఎస్. అను పద్ధతిలో సాఫ్ట్‌వేరు సర్వరు చూపు ధ్రువపత్రమును పరీక్షించును. పిమ్మట ఉభయులును ఒక రహస్యపు తాళపుచెవిని కల్పించుకొని, గూఢలిపిలో సంభాషింతురు. నడుమ విన్నవానికి అర్థము కాదు.

గమ్యము చేరగనే ఈ రక్షణ ముగియును. 2009లో రాక్‌యూ అను అమెరికా సంస్థనుండి 3 కోట్లకు పైగా పాస్‌వర్డులు దొంగల పాలయ్యెను. వానిని ఉన్నవున్నట్లు వ్రాసి యుంచుటచే దొంగలు సులభముగా చదువగలిగిరి.

కావున ప్రతి పాస్‌వర్డునకును వేరువేరు అక్షరములు కలిపి, 1999లో వెలువడిన బీక్రిప్ట్ వంటి పద్ధతిచే, వెనుకకు మరల్చరాని రూపమున దాచవలెను. మరల చదువవలసిన సమాచారమును గూఢలిపిలో నుంచి, తాళపుచెవిని వేరొకచోట భద్రపరుపవలెను. దారిని కాచి ఇంటి తలుపు తెరచి యుంచిన ఫలమేమి?