కొండ చెరువులో బోటింజను

మూణారు అవతల మాటుపట్టి చెరువులో స్పీడుబోటెక్కి వచ్చిన మనవడు అడిగాడు: "తాతా, థ్రాటిల్ పూర్తిగా తిప్పినా బోటు ముక్కు పైకి లేపుకుని ఈడ్చిందే గాని నీటి మీద జారలేదు, ఎందుకు?"

మంచి ప్రశ్న నాయనా. మన బోడినాయకనూరు నుంచి బోడిమెట్టు ఎక్కి చాలా పైకి పోయారు మీరు. ఆ చెరువు సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సుమారు 15 శాతం పలచన. గాలి తగ్గితే కాలే పెట్రోలూ తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. కాకినాడలో 40 హార్స్‌పవరిచ్చే ఇంజను అక్కడ 34 దగ్గరే ఆగుతుంది. కొత్త ఇంజన్లలో కంప్యూటరు పెట్రోలు పాళ్లు సరిచేస్తుంది గాని, లేని గాలిని తేలేదు.

పూర్తి థ్రాటిల్‌లో నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో ఇంజను పుస్తకంలోనే రాసి ఉంటుంది. చాలా అవుట్‌బోర్డు ఇంజన్లకు అది 5,000 నుంచి 6,000. మనుషుల్ని నింపుకున్న బోటు ఆ అంకె చేరకపోతే, ప్రొపెల్లరు ఆ ఇంజను మోయలేనిదన్నమాట. అలాగే నడిపితే లోపల వేడి పెరుగుతుంది, మసి పేరుకుంటుంది, పిస్టన్లు చెడతాయి. చుట్లు తక్కువ కాబట్టి చప్పుడు మెత్తగా ఉండి, అంతా బాగుందనిపిస్తుంది. నాకు అదే భయం.

దీనికి మందు ప్రొపెల్లరు పిచ్. ఒక్క చుట్టుకు అది మరమేకులా నీటిలో ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ లెక్కే పిచ్. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. బోడిమెట్టు మలుపుల్లో జీపు డ్రైవరు కింది గేరు వేసేదీ ఇందుకే. అయితే ఆ చిన్న పిచ్‌తోనే బోటును రామేశ్వరం దించితే, చిక్కటి గాలికి ఇంజను హద్దు మీరి తిరుగుతుంది. అప్పుడు మళ్లీ పెద్ద పిచ్ బిగించాలి.

ప్రొపెల్లరు సరిపోయిందో లేదో తేలాక థ్రాటిల్ కాస్త తగ్గించుకోవచ్చు. ప్రొపెల్లరు అడిగే బలం చుట్ల ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 5,500 నుంచి 4,400కు దిగితే దాదాపు సగం బలం చాలు. ఈసారి పోయినప్పుడు డ్రైవరు పక్కన కూర్చుని, చుట్లు చూపే ముల్లు ఎక్కడిదాకా పోతుందో చూసి రా.