దొంగ పాదిరిగారి జాతర

ఆ ఆదివారం సాయంత్రం డిమ్‌చర్చ్ ఊరి చర్చిలో ప్రార్థనకు వచ్చే పాదిరిగారు ఒట్టి దొంగ. సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసే వస్తారు.

ఆయన పద్దెనిమిదో శతాబ్దపు నల్ల అంగీలో ఉంటాడు. చుట్టూ ఆనాటి వేషాల్లోనే ఆయన ముఠావాళ్లూ, ఆ ముఠాను పట్టుకోవలసిన ఎర్రకోటు సిపాయిలూ ఉంటారు. అందరూ ఒకే కప్పు కింద దేవుణ్ణి తలచుకుంటారు. కొట్లాట మర్నాడు. సోమవారం పొద్దున్నే దిష్టిబొమ్మల పోటీ, ఊరేగింపు. ఆ తర్వాత సముద్రపు ఒడ్డున, ఊరి నడిబొడ్డున సిపాయిలకూ స్మగ్లర్లకూ ఉత్తుత్తి యుద్ధం. దొరికినవాళ్లను న్యూ హాల్ అనే పాత కచేరీకి తీసుకుపోయి విచారణ జరిపిస్తారు. చుట్టుపక్కల పల్లపు నేలల బాగోగులు, కరకట్ట మరమ్మతులు చూసే అధికారులు ఒకప్పుడు కొలువు తీరిన భవనం అది. పదహారో శతాబ్దం నాటి ఆ గదిలో ఇప్పుడు నవలలోని నేరస్థులు బోనెక్కుతారు.

పాదిరిగారి పేరు డాక్టర్ సిన్. ఇంగ్లిష్‌లో పాపానికీ ఇదే శబ్దం, స్పెల్లింగు మాత్రం వేరు. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరాన, కెంట్ కౌంటీలోని ఈ ఊళ్లో 1964 నుంచి ఏడాది విడిచి ఏడాది, ఆగస్టు చివరి సెలవు రోజుల్లో 'డే ఆఫ్ సిన్' జరపడం ఆనవాయితీ. సిన్ అనే మనిషి ఎన్నడూ పుట్టలేదు. ఆయన రసెల్ థార్న్‌డైక్ అనే నటుడి ఊహ. ఈ రసెల్, బెర్నార్డ్ షా 'సెయింట్ జోన్' నాటకాన్ని 1924లో లండన్‌లో ఆడినప్పుడు జోన్ పాత్ర వేసిన సిబిల్ థార్న్‌డైక్‌కు తమ్ముడు.

సిన్ కథతో రసెల్ రాసిన మొదటి నవల 1915లో వచ్చింది. పగలు ఊరికి నీతులు చెప్పే మతగురువు రాత్రయితే దిష్టిబొమ్మ వేషం కట్టి గుర్రమెక్కుతాడు. వెంట దయ్యాల వేషాల్లో రౌతులు. బురద నేలల మీద వాళ్ల మెరుపు చూసి జనం తలుపులు బిగించుకుంటారు. ఆ సందులో సరుకు దాటిపోతుంది. అంతకుముందు క్లెగ్ అనే పేరుతో ఓడల దొంగగా తిరిగింది కూడా ఈయనే. చర్చి బంట్రోతు మిప్స్ ఆయనకు కుడిభుజం. థార్న్‌డైక్ చేసిన తొందరపాటు ఒకటే, మొదటి పుస్తకం చివరనే కథానాయకుణ్ణి చంపేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1935 నుంచి 1944 దాకా, మరో ఆరు నవలలు రాయాల్సి వచ్చినప్పుడు వెనక్కి నడిచి ఆ చావుకు ముందరి కథలన్నీ చెప్పుకొచ్చాడు.

కథ కల్పితమైనా, నేల అబద్ధం చెప్పదు. డిమ్‌చర్చ్ ఉన్న రామ్నీ మార్ష్ సముద్రం నుంచి గుంజుకున్న పల్లం. కరకట్ట లేకపోతే పోటు నీళ్లు ఊళ్లోకి వస్తాయి. ఎటు చూసినా కాలువలూ గొర్రెలే. ఎదురుగా ఇరుకు జలసంధి, ఆవల ఫ్రాన్సు. ముందు ఇక్కడినుంచి ఉన్ని దొంగచాటుగా బయటికి పోయేది. రాత్రుళ్లు తిరిగే ఆ మనుషులను గుడ్లగూబల పేరుతోనే పిలిచేవారు. తర్వాత సరుకు అటునుంచి ఇటు రావడం మొదలైంది: బ్రాందీ, జిన్, పొగాకు, టీ. టీ మీద సుంకం అసలు ధరను మించిపోయి 119 శాతానికి చేరింది. 1784లో దాన్ని పన్నెండున్నర శాతానికి దించేసరికి టీ దొంగరవాణా కుదేలైంది. లక్షమంది సిపాయిలు చెయ్యలేని పని ఒక్క కాగితం చేసింది.

ఈ దొంగదారిలో మన తీరపు బట్ట కూడా నడిచింది. మచిలీపట్నం మొదలుకొని కోరమాండల్ తీరమంతా తయారైన కలంకారీ, అద్దకం బట్టలకు లండన్‌లో పట్టిన మోజు చూసి అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1700లో అలాంటి బట్టల దిగుమతినీ, 1721లో వాడకాన్నీ నిషేధించారు. బట్ట హాలండ్ మీదుగా చాటుగా వస్తూనే ఉంది. ప్రఖ్యాత నటుడు డేవిడ్ గారిక్ ఇంటి పడకమంచానికి వచ్చిన చింట్జ్ అనే అద్దకం బట్ట తెరలను కస్టమ్స్ వాళ్లు జప్తు చేశారు. ఆ మంచం నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

నిజంగా ఉన్న స్మగ్లర్లు ఉండగా, ఊరు లేనివాడికి జాతర ఎందుకు చేస్తున్నట్టు? ఉన్నవాళ్ల చరిత్ర చదివితే జవాబు దొరుకుతుంది. కెంట్‌లోని హాక్‌హర్స్ట్ ముఠా 1747లో పూల్ కస్టమ్స్ గిడ్డంగి పగలగొట్టి, జప్తయిన టీని ఎత్తుకుపోయిన దండులో ఉంది. ఆ కేసులో సాక్ష్యం చెప్పబోయిన చెప్పులు కుట్టే డేనియల్ చేటర్‌నూ, అతని వెంట వెళ్లిన కస్టమ్స్ ఉద్యోగి విలియం గేలీనీ మరుసటి ఏడాది చిత్రవధ చేసి చంపారు. చేటర్‌ను బావిలో తోసి పైనుంచి రాళ్లు వేశారు. ఈ కథను పిల్లలకు వేషం కట్టించి ఆడించలేరు. సిన్ అయితే పేదల పక్షాన నిలుస్తాడు, సిపాయిలను బోల్తా కొట్టిస్తాడు, పాట పాడతాడు. చేతికి నెత్తురు అంటకుండా దొంగతనం చూసే సరదా ఆయన దగ్గరే దొరుకుతుంది.

సినిమావాళ్లూ ఆయన్ని వదల్లేదు. 1937లో జార్జ్ ఆర్లిస్ సిన్ వేషం వేశాడు. 1962లో హ్యామర్ సంస్థ అదే కథను పీటర్ కుషింగ్‌తో తీసింది. సిన్ పేరు హక్కులు డిస్నీ చేతిలో ఉండటంతో పాదిరిగారి పేరు మార్చుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది డిస్నీ చిత్రంలో దిష్టిబొమ్మ ముసుగు వేసుకున్నది పాట్రిక్ మెక్‌గూహన్.

డిమ్‌చర్చ్ చర్చికి బదులుగా డిస్నీ వాళ్లు దగ్గర్లోని ఓల్డ్ రామ్నీలో సెయింట్ క్లెమెంట్ చర్చిని వాడుకున్నారు. లోపలి చెక్క బల్లలకు చిత్రీకరణ కోసం గులాబీ రంగు పూశారు. షూటింగ్ ముగిసి యూనిట్ వెళ్లిపోయింది. ఊరివాళ్లు చూశారు, బాగుందనుకున్నారు. ఆ బల్లలు అలాగే గులాబీ రంగులోనే ఉండిపోయాయి.