నిప్పురవ్వకు వేళ: పాత స్పోర్ట్సు కారులో ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటరు సవరణ

బెంగుళూరు నగరమునకు తూర్పున, బెళ్లందూరు చెరువునుండి వచ్చు నీటిని అందుకొను చెరువు చెంత నున్న వర్తూరు ఒకప్పుడు పల్లె. నేడు నగరములో కలిసిపోయినది. వైట్‌ఫీల్డు వైపు పోవు దారిలో వాహనములు బారులు తీరి, అడుగు కదలుచు అడుగు నిలుచుచు సాగును. అట్టి దారిపై అరువది యేండ్లనాటి స్పోర్ట్సు కారును నడుపువాడు ముందుగా సరిచూచుకొనవలసినది నిప్పురవ్వ పడు వేళ. వేళ తప్పిన రవ్వ మొదట ఇంజనును బలహీనపరచును. పిదప దానిని చెరచును. విడిభాగములు దొరకుట కష్టమైన కారు విషయమున ఇది చిన్న నష్టము కాదు.

ఇట్టి కార్ల జ్ఞానము దక్షిణదేశమునకు కొత్తది కాదు. మదరాసులో స్టాండర్డు కంపెనీవారు 1961లో హెరాల్డు కారును తయారుచేయ నారంభించిరి. ఇంగ్లండులో 1962లో వెలువడిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్సు కారు ఆ హెరాల్డు చట్రమునుండి, ఆ ఇంజను వంశమునుండి పుట్టినదే. విద్యుత్పరికరముల కొరకు లూకాస్-టీవీయస్ సంస్థ మదరాసు చెంత పాడిలో ఏర్పడెను. 1951లో స్థాపింపబడిన మైకో సంస్థ బెంగుళూరులో స్పార్కు ప్లగ్గులను తయారుచేసెను; 2008లో అది బాష్ అను పేరు దాల్చెను. హెరాల్డును విప్పి బిగించిన మెకానిక్కునకు స్పిట్‌ఫైర్ డిస్ట్రిబ్యూటరు అపరిచితము కాజాలదు.

డిస్ట్రిబ్యూటరు చేయు పని రెండు విధములు. కాయిలులో పుట్టిన అధిక విద్యుత్తును ఒక్కొక్క ప్లగ్గునకు వరుసగా పంచుట మొదటిది. ఆ విద్యుత్తు ఏ క్షణమున పుట్టవలెనో నిర్ణయించుట రెండవది. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగిన డిస్ట్రిబ్యూటరు ఇరుసు ఒక చుట్టు తిరుగును. నిమిషమునకు 3000 చుట్ల వేగమున సెకనుకు 100 రవ్వలు పడవలెను.

రవ్వ పడినంతనే పెట్రోలు ఆవిరి మొత్తము మండదు. మంట వ్యాపించుటకు స్థూలముగా సెకనులో 500వ వంతు కాలము పట్టుననుకొందము. 800 చుట్ల వేగమున ఆ లోపల క్రాంకు సుమారు 10 డిగ్రీలు తిరుగును. 3000 చుట్ల వేగమున 36 డిగ్రీలు తిరుగును. కావున పిస్టను కొనకు చేరకమునుపే రవ్వ పడవలెను. వేగము హెచ్చినకొలది మరింత ముందుగా పడవలెను. ఈ ముందడుగునే అడ్వాన్సు అందురు. ఇరుసుపై స్ప్రింగులతో కట్టిన చిన్న తూకములు వేగమునుబట్టి విచ్చుకొని దీనిని కలిగించును. ఇంజనుపై భారము తక్కువగా నున్నప్పుడు వాక్యూము డబ్బీ మరికొంత చేర్చును.

పూర్వము కాయిలు విద్యుత్తును తెంచుపని పాయింట్లది. వాని నడుమ సందు లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో అంగుళములో వేయింట 15 వంతులు. పాయింట్లు కాలి, అరిగి ఆ సందు మారినకొలది రవ్వవేళయు మారును. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పాయింట్ల స్థానమున అయస్కాంతమును గుర్తించు పరికర ముండును. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొనిన ధర్మమే వానిలో అనేకములకు ఆధారము. ఇందు అరుగునది లేదు. కాని వేళ తనంతట సరిపడదు. తూకములు, స్ప్రింగులు, ఇరుసు పాతవే గదా!

బిగించుటకు ముందు బ్యాటరీ భూసంబంధమును చూడవలెను. 1960ల మధ్యవరకు పెక్కు బ్రిటిష్ కార్లలో ధన ధ్రువమే భూమికి కలుపబడెను. ఋణ భూసంబంధమునకు చేసిన పరికరమును అట్టి కారులో బిగించినచో అది క్షణములో కాలిపోవును. కాయిలు నిరోధము పరికరమునకు తగినదై యుండవలెను. ఇంజను నిలిచియుండగా తాళము తెరచి చాలసేపు ఉంచరాదు.

సవరణ క్రమము ఇట్లుండును. ఇంజను వేడెక్కిన పిదప గేరు తటస్థముగా నుంచి, చేతిబ్రేకు వేసి, వాక్యూము గొట్టమును ఊడదీసి దాని నోరు మూయవలెను. పుల్లీపై గుర్తును తుడిచి సుద్దతో తెల్లచేయవలెను. టైమింగు దీపపు పట్టీని ఒకటవ సిలిండరు తీగకు తగిలించి, ఆ వెలుగును గుర్తుపై పడనీయవలెను. ఫ్యానునకు చేయి, దుస్తులు తగులకుండ జాగ్రత్తపడవలెను. బిగింపు మరను కొంచెము వదులుచేసి డిస్ట్రిబ్యూటరు దేహమును మెల్లగా త్రిప్పవలెను. రోటరు తిరుగు దిశకు ఎదురుగా త్రిప్పిన రవ్వ ముందునకు జరుగును. ఆ దిశనే త్రిప్పిన వెనుకకు జరుగును. పుస్తకములో చెప్పిన అంకె కుదిరినంతట మర బిగించి మరల చూడవలెను. బిగింపులో దేహము కదలుట కలదు. పిదప వేగము పెంచినచో గుర్తు నిలకడగా ముందునకు జరుగవలెను. అది ఊగులాడినచో ఇరుసు అరిగినదని, కదలనిచో తూకములు పట్టుకొనిపోయినవని గ్రహింపవలెను. తుదకు వాక్యూము గొట్టమును మరల తగిలింపవలెను.

పుస్తకమందలి అంకె ఆరంభమే గాని తుదిమాట కాదు. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి వాయుపీడనము తీరమునకంటె పదింట ఒక వంతు తక్కువ. అందుచే ఇంజను కొంచెము ఎక్కువ అడ్వాన్సును సహింపగలదు. కాని ఆ పుస్తకములు వ్రాయబడిన కాలపు పెట్రోలు వేరు. సీసము గల పెట్రోలు మన దేశమున 2000లో నిలిచిపోయినది. 2025 నాటికి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు సాధారణమైనది. కావున తుది పరీక్ష దారిపైననే జరుగవలెను. ఎత్తెక్కునపుడు మూడవ గేరులో యాక్సిలరేటరు గట్టిగా త్రొక్కగా లోపల గింజలు రాలినట్టి టకటక చప్పుడు వినబడినచో ఒకటి రెండు డిగ్రీలు వెనుకకు జరుపవలెను. ఆ చప్పుడును లెక్కచేయక నడుపుటవలన పిస్టన్లు పగులును. బాగుగా వెనుకబడిన వేళయు మేలు కాదు. ఆగి ఆగి కదలు వర్తూరు దారిలో అట్టి ఇంజను త్వరగా వేడెక్కును.

పాతతరము మెకానిక్కు చెవితో గ్రహించినదానిని నేడు దీపము డిగ్రీలలో చూపుచున్నది. అయినను చెవికి పని తప్పలేదు. దీపము వేళను చూపును. ఆ వేళకు ఇంజను ఒప్పుకొన్నదా లేదా యనునది చెవియే చెప్పవలెను. ఈ రెండింటి జ్ఞానమును మెకానిక్కులు తమ శిష్యులకు వారెరిగిన మాటలలో అందించినపుడే ఈ పాత కార్లు దారిపై నిలుచును. లేనిచో కొట్టములలో అలంకారములై మిగులును.