గీతల్లో మిగిలిన కట్టడం

పురాతన ఆలయాలను కొలిచి చిత్రించే మనం స్వాతంత్ర్యానంతర కాంక్రీటు భవనాలను అంత శ్రద్ధగా పరిశీలించము. ఢిల్లీ ప్రగతి మైదానంలో 1972లో వెలసిన హాల్ ఆఫ్ నేషన్స్ ఇందుకు నిదర్శనం. వాస్తుశిల్పి రాజ్ రేవాల్, నిర్మాణ ఇంజనీరు మహేంద్ర రాజ్ దాని రూపకర్తలు. ఉక్కు ఖరీదైన ఆ రోజుల్లో త్రికోణాల చట్రాన్ని కాంక్రీటుతో అక్కడికక్కడే పోతపోశారు. దాని నిలువుకోతను గీసి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది: నడుమ స్తంభమన్నది లేకుండా కప్పును మోసినదీ, తన మందంతో ఎండను అడ్డుకున్నదీ ఆ చట్రమే. 2017 ఏప్రిల్‌లో ఆ భవనాన్ని కూల్చివేశారు. నేడు దానిని అధ్యయనం చేయడానికి నక్షాలు, ఛాయాచిత్రాలే ఆధారం.

మన సంస్థల ఆవరణల్లోనూ ఆ తరం కట్టడాలున్నాయి. టేపు, పెన్సిలు చేపట్టి వాటిని ఇప్పుడే గీద్దాం. ఉంచాలో కూల్చాలో తేల్చవలసిన నాడు ఆ గీతలే వాటి పక్షాన సాక్ష్యం పలుకుతాయి.