పంటి తొడుగు ఊడితే ఖర్చెంత?

బెంగాల్-నాగపూర్ రైల్వే రోజులనుండి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు బిలాస్‌పూర్. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు అదే ప్రధాన కేంద్రం. పింఛనుతో గడుపుకొనే అక్కడి రైల్వే ఉద్యోగికైనా, మరెవరికైనా పంటి తొడుగు ఊడగానే కలిగే చింత ఒక్కటే: ఖర్చెంత? అది తొడుగు కింది పన్ను స్థితినిబట్టి ఉంటుంది.

పన్ను గట్టిగా ఉండి, తొడుగు చెక్కుచెదరకుంటే వైద్యుడు దానిని శుభ్రపరచి, దంత సిమెంటుతో తిరిగి అతికిస్తాడు. అన్నిటికంటె చౌక ఇదే. పింగాణీ అంచు కొద్దిగా పెచ్చూడితే రెజిన్‌తో పూడ్చవచ్చు. లోపల పన్ను పుచ్చినచో చికిత్స, కొలతలు, కొత్త తొడుగు తప్పవు. ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఊడిన తొడుగును పారవేయక, చిన్న డబ్బాలో భద్రపరచి వెంటనే వైద్యుని చూడండి. బజారు జిగురుతో అతికించుకోవద్దు. ఆలస్యమైతే పక్క పళ్ళు ఒరిగి, పాత తొడుగు ఇక పట్టదు.