రేవు గేటుకు అణు కాపలా

1984 జనవరి 16న ఇనుప చువ్వలు వేసుకొచ్చిన ఒక లారీ అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాల దగ్గర దారి తప్పింది. అక్కడి రేడియేషన్ పరికరం దాని రాకను పసిగట్టి మోగింది. లారీలో బాంబు లేదు, దొంగ సరుకూ లేదు. మెక్సికోలోని హువారెజ్ నగరంలో ఒక క్యాన్సర్ చికిత్స యంత్రం పాత సామాన్ల కొట్టుకు చేరింది. అందులోని రేడియోధార్మిక కోబాల్ట్-60 గుళికలు, మిల్లీమీటరు సైజువి, దాదాపు 6,000 ఉంటాయి. అవి చెల్లాచెదురై, చాలా భాగం తుక్కుతో పాటు కొలిమికెక్కి చువ్వలైపోయాయి. లారీ సరైన దారిలోనే పోయి ఉంటే ఈ సంగతి ఎప్పటికి బయటపడేదో! ఆ తర్వాత ఉక్కు మిల్లులు, తుక్కు యార్డులు గేట్ల దగ్గర ఇలాంటి పరికరాలు పెట్టుకోసాగాయి. ఇవాళ ఓడరేవుల్లో నిలబడ్డ రేడియేషన్ పోర్టల్ మానిటర్‌దీ ఈ వంశమే.

చూడ్డానికి అది గేటుకు అటూ ఇటూ పాతిన రెండు స్తంభాలు. కంటైనర్ లారీ వాటి మధ్య నుంచి మెల్లగా సాగిపోతుంది. ఎక్స్‌రే యంత్రంలాగా ఇది ఏ కిరణాన్నీ బయటికి పంపదు, సరుకులోంచి వచ్చేవాటిని అందుకుంటుందంతే. లోపల ప్రత్యేకమైన ప్లాస్టిక్ పలకలుంటాయి. గామా కిరణం తగిలితే పలకలో కంటికి ఆననంత చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపును విద్యుత్ సంకేతంగా మార్చి లెక్కపెడతారు. ప్లుటోనియం నుంచి న్యూట్రాన్లు కూడా వెలువడతాయి. వాటిని పట్టడానికి హీలియం-3 వాయువు నింపిన గొట్టాలు వేరే ఉంటాయి.

ఈ హీలియం-3 పుట్టుక వింతైనది. హైడ్రోజన్ బాంబుల్లో వాడే ట్రిషియం, 12.3 ఏళ్ల అర్ధాయువుతో క్షీణిస్తూ, హీలియం-3గా మారుతుంది. అంటే అణు దొంగలను పట్టే యంత్రానికి ముడిసరుకు అణ్వాయుధాల గోదాముల నుంచే వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి బాంబులు తగ్గాక ఆ నిల్వలకు కొత్తగా చేరేదీ తగ్గింది. 2001 ఉగ్రదాడుల తర్వాత గేటు గేటుకూ మానిటర్లు పెట్టబోయేసరికి, దశాబ్దం తిరక్కుండానే హీలియం-3కి కరువొచ్చింది. శాస్త్రవేత్తలు బోరాన్, లిథియం ఆధారిత పద్ధతులకు మళ్లక తప్పలేదు.

2002లో కాపలాను పరీక్షించడానికి అమెరికా టీవీ చానెల్ ఒకటి 6.8 కిలోల క్షీణ యురేనియాన్ని సీసం పొదిగిన గొట్టంలో పెట్టి, ఇస్తాంబుల్ నుంచి న్యూయార్క్‌కు కంటైనర్‌లో పంపింది. ఎవరూ పట్టుకోలేదు. 2003లో అమెరికా ఇంధన శాఖ 'మెగాపోర్ట్స్' పథకం మొదలుపెట్టింది. సరుకు తమ తీరం చేరాక వెతకడం కాదు, బయల్దేరే రేవులోనే వెతకాలన్నది ఆలోచన. పరాయి దేశపు గేటులో అమెరికా అధికారి నిలబడలేడు కనుక ఒప్పందాలు కావలసి వచ్చాయి. పరికరాలు, శిక్షణ, మొదట్లో మరమ్మతులు అమెరికావి. నడిపేది ఆ దేశపు కస్టమ్స్. అనుమానాస్పద సరుకు దొరికితే సమాచారం పంచుకోవాలి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్, ఏథెన్స్ ఒలింపిక్స్‌కు సిద్ధమవుతున్న గ్రీస్‌లోని పిరేయస్ ముందువరుసలో చేరాయి. మన పొరుగున కొలంబో, పాకిస్తాన్‌లోని పోర్ట్ ఖాసిం కూడా వచ్చాయి. 2012 ఆగస్టుకు అనుకున్న 100 రేవుల్లో 42 పూర్తయ్యాయి. ఖర్చు సుమారు 85 కోట్ల డాలర్లు. తర్వాత నిధులకు కోత పడింది.

ఇంతా చేసి ఇది కాపలా కుక్క వంటిది. దొంగను చూసి మొరుగుతుంది, పోస్ట్‌మాన్‌ను చూసీ మొరుగుతుంది. పొటాష్ ఎరువు, పింగాణీ పలకలు, గ్రానైట్, ఆఖరికి అరటిపళ్లు కూడా సహజ రేడియోధార్మికతతో అలారం మోగించగలవు. నిజంగా భయపడాల్సిన శుద్ధి చేసిన యురేనియం గామా కిరణాలేమో బలహీనం, కాస్త సీసం చుట్టినా చాలావరకు ఆగిపోతాయి. అయితే మందపాటి సీసం ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనబడుతుంది. అందుకే రెండు యంత్రాలూ జంటగా ఉండాలంటారు. ఓడలోంచి ఓడలోకి మారిపోయే కంటైనర్లు అసలు గేటు దాకానే రావు. వాటికోసం బహమాస్‌లోని ఫ్రీపోర్ట్‌లో కంటైనర్లను ఎత్తి మోసే వాహనానికే డిటెక్టర్లు బిగించారు.

అలారం మోగాక ఏం చేయాలో తెలియకపోతే ఏమవుతుందో ఇటలీలోని జెనోవా చూపించింది. 2010 జులైలో అక్కడికి రాగి తుక్కుతో వచ్చిన కంటైనర్‌లో కోబాల్ట్-60 ఉన్నట్టు తేలింది. దాన్ని రేవులో ఒక మూలకు నెట్టి, చుట్టూ రాళ్లు, నీళ్లు నింపిన కంటైనర్లు అడ్డుపెట్టారు. రోబోలతో తెరవడానికి ఏడాది పట్టింది.

మన దగ్గర అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ విశ్వవిద్యాలయం అమ్మేసిన పాత గామా యంత్రం మాయాపురి తుక్కు మార్కెట్లో ఒక కార్మికుడి ప్రాణం తీసింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ పోర్టల్ మానిటర్లు తయారు చేస్తోంది కనుక పరికరం కోసం పరాయి దేశం వైపు చూడనక్కర్లేదు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1995 నుంచి నడుపుతున్న జాబితాలో అణు, రేడియోధార్మిక పదార్థాలు దారి తప్పిన ఘటనలు 4,000 దాటాయి. 2010లో జార్జియాలో పట్టుబడ్డ 18 గ్రాముల శుద్ధి చేసిన యురేనియం సీసం పొదిగిన సిగరెట్ పెట్టెలో రైలెక్కి వచ్చింది. దాన్ని పట్టించింది స్తంభాలు కాదు, మారువేషంలో బేరమాడిన పోలీసులు. కనుక గేటు స్తంభాన్ని చివరి కాపలాగా ఉంచుకుందాం. మొదటి కాపలా ఆస్పత్రిలో, ప్రయోగశాలలో, పాత యంత్రం బయటికి వెళ్లేముందు దాని లెక్క రాసే రిజిస్టర్‌లో ఉండాలి. ఆ లెక్క సరిగ్గా రాయడానికి ఏ దేశంతోనూ ఒప్పందం అక్కర్లేదు.